నవ్వు ఆగని బడి, గెంతులు ఆగని ఊరు: అప్పట్లో చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేశారు?

పలక_బలపం | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో సోషల్ చెప్తాను, ఊరి పేరు వద్దులెండి. గురువారం సాయంత్రం స్టడీ అవర్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి కడుపులో తిప్పుతోందని లేచి రెండడుగులు వేసి కూలబడింది. ఊపిరి గబగబా తీస్తోంది, చేతివేళ్ళు కొంకర్లు పోయాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి నేను విప్పుదామన్నా రావట్లేదు. ఆ పిల్లని పట్టుకుని మేం హడావుడి పడుతుండగానే వెనక బెంచీలో ఇంకొకతి, ఆ పక్కనే మరో ఇద్దరు. భోజనాల వేళకి 14 మంది. 108 రెండు ట్రిప్పులు తిరిగింది. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేశారు, అన్నీ నార్మల్, తెల్లారేసరికి అందరూ లేచి ఇడ్లీలు తిన్నారు. శుక్రవారం బడికి తిరిగొచ్చాక మళ్ళీ ఆరుగురు, అందులో నలుగురు కొత్తవాళ్ళు.

ఆస్పత్రిలో ఒకాయన పిల్లలు వింటుండగానే "ఇదంతా యాక్టింగ్, సెలవు కోసం" అనేశాడు. వంటామె బాత్రూముల వెనక వేపచెట్టు మీద ఏదో ఉంది, గాలి సోకింది అంటోంది. తల్లిదండ్రులు ట్రంకుపెట్టెలతో సహా తీసుకుపోతామని గేటు దగ్గర నిలబడ్డారు. ఆఫ్రికాలో ఒక బడిలో పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారని, యూరప్‌లో ఒక ఊరు ఊరంతా గెంతుతూ ఉండిపోయిందని ఎప్పుడో చదివిన గుర్తు. అవి నిజంగా జరిగాయా? జరిగితే అప్పుడు పెద్దవాళ్ళు ఏం చేశారు, ఏం చేస్తే తగ్గింది, ఏం చేస్తే పెరిగింది? తెలిసినవాళ్ళు చెప్పండి, ఎంత పొడుగ్గా రాసినా చదువుతాను.


రైన్_ఒడ్డున | ఆదివారం, రాత్రి 10:05

టీచర్ గారూ, గెంతిన ఊరు నిజమే. పేరు స్ట్రాస్‌బర్గ్. నేను రైన్ నదికి జర్మనీ వైపు ఒడ్డున కేల్ అనే ఊళ్ళో ఉంటాను, ట్రామ్ ఎక్కి వంతెన దాటితే అదే. ఇప్పుడది ఫ్రాన్స్, అప్పట్లో పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో జర్మన్ మాట్లాడే నగరం.

1518 జూలై నెల. ఫ్రౌ ట్రోఫియా అనే ఆవిడ ఇంట్లోంచి వీధిలోకి వచ్చి గెంతడం మొదలుపెట్టింది. పాట లేదు, వాయిద్యం లేదు, పండగ కూడా కాదు. అలసి పడిపోవడం, లేవడం, మళ్ళీ గెంతడం, రోజుల తరబడి ఇదే. వారం తిరిగేసరికి ముప్పై మందికి పైగా చేరారు, నెల తిరిగేసరికి 400 మంది దాకా అయ్యారని చరిత్రల్లో ఉంది. వాళ్ళ మొహాల్లో సంతోషం లేదు, సాయం చేయమని అరిచారు, దేవుణ్ణి పిలిచారు. కావాలని ఆడే ఆట కాదు అది.

మీరు అడిగిన ముఖ్యమైన సంగతి, పెద్దవాళ్ళు ఏం చేశారు అన్నది. నగర సభ వైద్యుల్ని అడిగింది. వైద్యులు ఇది దైవ శాపం కాదు, గ్రహాల దోషం కాదు, రక్తం వేడెక్కడం వల్ల వచ్చిన జబ్బు, ఆ వేడి పోయేదాకా ఆడనివ్వండి అన్నారు. దాంతో వృత్తి సంఘాల హాళ్ళు ఖాళీ చేయించి, బజారులో వేదిక కట్టించి, డప్పులు, పిల్లనగ్రోవులు వాయించేవాళ్ళని డబ్బిచ్చి పెట్టారు. పడిపోయేవాళ్ళని నిలబెట్టి ఆడించడానికి బలమైన మనుషుల్ని కూడా పెట్టారు. అక్కడి నుంచే అది చెయ్యి దాటిపోయింది. ఊరి నడిబొడ్డున వేదిక ఎక్కించి తాళం వేస్తుంటే చూసేవాళ్ళ కాళ్ళు కూడా కదిలాయి.

తర్వాత సభవాళ్ళకి భయం పట్టుకుంది. వేదికలు పీకించారు, సెప్టెంబర్ చివరిదాకా ఊళ్ళో ఆటా పాటా నిషేధించారు. పెళ్ళిళ్ళు ఉంటే ఇంట్లో తీగవాయిద్యం వరకు సరే, డప్పు మాత్రం మోగకూడదని ఆర్డర్ వేశారు. ఈ సంగతులు సెబాస్టియన్ బ్రాంట్ అని ఆ నగర సభలో రాతకోతలు చూసిన పెద్దాయన నోట్లలో ఉన్నాయి. చివరికి ఆడుతున్నవాళ్ళని బండ్లలో ఎక్కించి సావెర్న్ దగ్గర కొండ గుహలో ఉన్న సెయింట్ వైటస్ గుడికి తీసుకెళ్ళారు. చేతికి చిన్న శిలువలు ఇచ్చారు, కాళ్ళకి ఎర్ర జోళ్ళు తొడిగారు, ఆ జోళ్ళ అడుగునా పైనా పవిత్ర తైలంతో శిలువ గుర్తు పెట్టి విగ్రహం చుట్టూ తిప్పారు. ఆ తర్వాత మెల్లగా తగ్గింది.

రోజుకి 15 మంది చచ్చిపోయారని నెట్‌లో ప్రతిచోటా రాస్తారు. ఆనాటి నగర రికార్డుల్లో చావుల లెక్క లేదు, అది నమ్మకండి.


యువకిరణం | ఆదివారం, రాత్రి 10:31

మేడం, కోపం తెచ్చుకోకండి, ఆ ఆస్పత్రి ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉందేమో చూడండి. 1938 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ ఊళ్ళో ఎవడో చీకట్లో వచ్చి బ్లేడుతో కోసి పారిపోతున్నాడని గోల పుట్టింది. రోజుకొకరు చేతుల మీద గాయాలు చూపించారు, దుకాణాలు మూశారు, జనం కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు కాపలా తిరిగారు, దారిన పోయే అమాయకుల్ని పట్టుకుని కొట్టబోయారు. స్కాట్‌లాండ్ యార్డ్ పోలీసులు దిగి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే, ఒకరి తర్వాత ఒకరు, నేనే కోసుకున్నానని ఒప్పుకున్నారు. కొందరికి జైలు శిక్ష కూడా పడింది. అసలు కోసేవాడే లేడు. నేనూ హాస్టల్లోనే పెరిగాను, సెలవు కోసం మేం వేసిన వేషాలు నాకు తెలుసు.


సుధ_వైజాగ్ | ఆదివారం, రాత్రి 11:20

నేను సైకియాట్రీ డాక్టర్ని. యువకిరణం గారూ, హాలిఫాక్స్ విషయం నిజమే, కానీ ఈ టీచర్ గారు చెప్పిన ఒక్క వివరం చూడండి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి విప్పినా రాలేదన్నారు. భయంతో ఊపిరి గబగబా తీస్తే ఒంట్లోంచి కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, రక్తంలో రసాయనాల లెక్క మారుతుంది, నరాలకి అందే కాల్షియం తగ్గి వేళ్ళు బిగుసుకుంటాయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తేలిపోతుంది. ఆ పిల్ల వేళ్ళు ఆమె మాట వినవు. నా కళ్ళముందే ఇలాంటి వేళ్ళు చాలా చూశాను. ఎవరో "నటన" అన్న మాట చెవిన పడితే తనకి జరిగింది నిజమని రుజువు చేసుకోవాలన్న ఆరాటం వస్తుంది, దాంతో ఇంకా బిగుస్తుంది.

1998 నవంబర్‌లో అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో ఒక హైస్కూల్లో ఏం జరిగిందో చెప్తాను. ఒక టీచరుకి తరగతిలో పెట్రోలు వాసన వచ్చింది, తలనొప్పి, వికారం మొదలైంది. పిల్లలకీ అదే. బడి ఖాళీ చేయించారు, అంబులెన్సులు సైరన్లు మోగించుకుంటూ వచ్చాయి. ఆ రోజే 80 మంది పిల్లలు, 19 మంది సిబ్బంది ఎమర్జెన్సీకి వెళ్ళారు, 38 మందిని రాత్రికి ఉంచేశారు. ఐదు రోజుల తర్వాత బడి తెరిస్తే మళ్ళీ 71 మంది. గాలి, నీళ్ళు, కింద గుహలు, రక్తం, మూత్రం, ఎన్నో సంస్థలు వచ్చి పరీక్షించినా విషం జాడ దొరకలేదు. తర్వాత విడివిడిగా అడిగి చూస్తే, జబ్బుపడ్డ మనిషిని కళ్ళతో చూసినవాళ్ళకి, ఫలానా క్లాస్‌మేట్‌కి బాగోలేదని తెలిసినవాళ్ళకి ఎక్కువగా వచ్చిందని తేలింది. పైగా అది మొదలైంది పిల్లల దగ్గర కాదు, ఒక పెద్ద మనిషి దగ్గర. సెలవు కోసం వేషం అన్నది అక్కడ ఎలా సరిపోతుంది?

టీచర్ గారూ, ముందు మీ వాటర్ ట్యాంకు నీళ్ళు, ఆ రోజు వండిన పదార్థాలు పరీక్షకి పంపించారా? అది చెయ్యకుండా మనసు మీదకి నెట్టెయ్యకూడదు.


ఏలూరు_వన్‌టౌన్ | సోమవారం, ఉదయం 6:48

సుధ గారు చివర్లో అన్న మాట బంగారం. 2020 డిసెంబర్ మొదటివారంలో మా ఏలూరులో జనం ఉన్నపళంగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. మా వీధిలో కూరగాయల బండి అబ్బాయి తూకం వేస్తూ వేస్తూ తక్కెడతో సహా పడిపోయాడు, నోట్లో నురగ, లేచాక ఏం జరిగిందో గుర్తులేదు. నాలుగైదు రోజుల్లో 600 మంది దాటారు, ఒకరు చనిపోయారు. అప్పుడు కూడా భయంతో పడిపోతున్నారని అన్నవాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌కి నమూనాలు పంపితే రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, హైదరాబాద్ నుంచి వచ్చిన ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు పురుగుమందుల అవశేషాలు చూపించారు. ఇంట్లో ఒక్కడికే ఫిట్స్, పక్కన కూర్చుని అదే అన్నం తిన్నవాడికి ఏమీ లేదు, వయసు తేడా లేదు, ఆడా మగా తేడా లేదు. పరీక్ష చేయించకుండా ఎవరు ఏమన్నా వినకండి.


పలక_బలపం | సోమవారం, ఉదయం 7:30

నీళ్ళు శుక్రవారమే పంపించామండి, రిపోర్టు రావాలి. వంట అందరూ తిన్నారు, మేమూ తిన్నాం. పడిపోయినవాళ్ళంతా ఒకే డార్మిటరీ, ఎక్కువమంది ఒకరికొకరు బాగా స్నేహితులు, పెద్దవాళ్ళు ఒక్కరు లేరు. పిల్లల ముందు "నటన" అన్న మాట రానివ్వను, సుధ గారూ. యువకిరణం తమ్ముడూ, నాకేం కోపం లేదు, నువ్వు అడగకపోతే ఇంత తెలిసేది కాదు. ఆ నవ్వు బడి సంగతి ఎవరికైనా తెలుసా?


మ్వాంజా_మూర్తి | సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను చెప్తానమ్మా. టాంజానియాలో తొమ్మిదేళ్ళు అకౌంట్స్ ఉద్యోగం చేశాను, మ్వాంజాలో. అక్కడి నుంచి రాత్రి పడవెక్కితే విక్టోరియా సరస్సు దాటి పొద్దున్నకి బుకోబా. చుట్టూ ఎటు చూసినా అరటితోటలు, అరటికాయే అక్కడి అన్నం. ఆ బుకోబాకి దగ్గర్లోనే కషాషా, మిషనరీలు నడిపిన ఆడపిల్లల హాస్టల్ బడి.

1962 జనవరి 30న ముగ్గురు అమ్మాయిలు నవ్వడం మొదలుపెట్టారు. ఆపలేకపోయారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుని మార్చి 18న బడి మూసేనాటికి 159 మందిలో 95 మందికి వచ్చింది. 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలు. టీచర్లలో ఒక్కరికీ రాలేదు. ఏడాదిన్నర పాటు ఆగకుండా నవ్వారని ఇప్పుడు వీడియోల్లో చెప్తున్నారు, అది అబద్ధం. విడతలు విడతలుగా వచ్చేది, కొందరికి కొన్ని గంటలు, కొందరికి మధ్యమధ్య ఆగుతూ 16 రోజుల దాకా. పైగా అది సంతోషపు నవ్వు కాదు. నవ్వు, వెంటనే ఏడుపు, ఒకచోట నిలవలేకపోవడం, పట్టుకోబోతే తిరగబడటం, ఎవరో వెంటపడుతున్నారని భయం. 1963లో రాంకిన్, ఫిలిప్ అనే ఇద్దరు డాక్టర్లు ఇదంతా పరీక్షించి రాశారు. తిండి చూశారు, రక్తం చూశారు, ఏ విషమూ ఏ క్రిమీ దొరకలేదు. ఎవరూ చనిపోలేదు.

నువ్వు అడిగిన అసలు విషయానికి వస్తున్నాను. బడి మూసి పిల్లల్ని ఊళ్ళకి పంపించేశారు. అలా వెళ్ళిన పిల్లల్లో కొందరి ఊరు న్షాంబా. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఊళ్ళో 217 మందికి పట్టుకుంది. బుకోబా దగ్గర ఇంకో ఆడపిల్లల బడి, రమషెన్యే, అక్కడ 154 మందిలో 48 మంది. మే 21న కషాషా బడి తెరిచారు, మళ్ళీ వచ్చింది, జూన్ ఆఖర్లో మళ్ళీ మూశారు. మొత్తం మీద 14 బడులు మూతపడ్డాయి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు నెలలు కాలేదు, 1961 డిసెంబర్‌లో వచ్చింది. ఇంట్లో తాతముత్తాతల పద్ధతి ఒకటి, బడిలో మిషనరీల క్రమశిక్షణ ఒకటి, దేశం మారిపోతోంది కాబట్టి నువ్వు బాగా చదివి తీరాలన్న ఒత్తిడి ఒకటి. ఎదురు చెప్పడానికి నోరు లేదు, పారిపోవడానికి దారి లేదు. ఈ మాట చాలామంది పరిశోధకులు అన్నారు, ఆ ప్రాంతంలో ఉన్నవాడిగా నాకు కూడా అదే సరైనదనిపిస్తుంది.


నడిగడ్డ_రైతు | సోమవారం, రాత్రి 8:40

రైన్ గారూ, ఆ స్ట్రాస్‌బర్గ్ మనుషులు బూజు పట్టిన గింజల రొట్టె తిని అలా అయ్యారని ఎక్కడో విన్న. మా దిక్కు జొన్నకు బంకకారు తెగులు అని వస్తది. కంకి మీద తేనె లెక్క బొట్లు బొట్లు కారుతది, చెయ్యి పెడితే అంటుకుంటది, చీమలు, ఈగలు మూగుతాయి, కొన్నాళ్ళకు గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ము లాంటిది వస్తది. ఆ గింజలు పశువుకు కూడా పెట్టొద్దని మా నాయిన చెప్పేటోడు. అక్కడి రై ధాన్యానికి వచ్చేది దీని దాయాదేనా?


రైన్_ఒడ్డున | సోమవారం, రాత్రి 9:22

అవునన్నా, దాయాదే. దాన్ని ఎర్గాట్ అంటారు, రై కంకిలో నల్లటి కొమ్ములాగే ఉంటుంది. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుని 1938లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ తయారు చేసింది కూడా ఈ ఎర్గాట్ సరుకుతోనే, కాబట్టి భ్రమలు వస్తాయన్న అనుమానం సహజం. కానీ నాకు ఆ వాదన నిలబడదనిపిస్తుంది. ఎర్గాట్ విషం రక్తనాళాల్ని బిగిస్తుంది, కాళ్ళూ చేతులూ మండిపోతాయి, వేళ్ళు నల్లబడి ఊడిపోతాయి, లేదా ఒళ్ళంతా మెలితిరిగే ఫిట్స్ వస్తాయి. ఆ ఒంటితో రోజుల తరబడి గెంతడం ఎవరి వల్లా కాదు. అందరూ ఒకే రకంగా గెంతడం అంతకన్నా కాదు.

జాన్ వాలర్ అనే చరిత్రకారుడు చెప్పినది నాకు నచ్చింది. ఆ ఏడాది ముందంతా పంటలు పోయాయి, రొట్టె కొనలేని ధర, మశూచి, కొత్తగా వచ్చిన సిఫిలిస్ జబ్బు, అప్పులు. 1517లోనే ఆ చుట్టుపక్కల రైతులు తిరుగుబాటుకి కుట్ర పన్ని దొరికిపోయారు. ఇది ఒక సగం. రెండో సగం నమ్మకం. సెయింట్ వైటస్‌కి కోపం వస్తే మనుషుల్ని గెంతించి చంపుతాడని ఆ నది వెంబడి ఊళ్ళన్నిటిలో తరతరాలుగా నమ్మేవారు. 1374లో ఆకెన్ నుంచి కొలోన్, లియేజ్, మెట్స్ దాకా ఇలాగే గెంతారు, అప్పుడు కూడా దాదాపు అదే ప్రాంతం. కరువు యూరప్ అంతటా ఉండేది, గెంతులు మాత్రం ఆ నమ్మకం ఉన్న చోటే వచ్చాయి. తర్వాత మతసంస్కరణ వచ్చి సాధువుల శాపాల మీద నమ్మకం సన్నగిల్లాక ఈ జబ్బు కూడా మాయమైంది.


తునికాకు | సోమవారం, రాత్రి 10:10

ఇది చదువుతుంటే మా చిన్నమ్మమ్మే కళ్ళముందు కనపడింది. మా వైపు పోచమ్మ బోనాలకు ఆమెకు పూనకం వచ్చేది. డప్పు మోత మారగానే, మామూలు దెబ్బ నుంచి గబగబా దెబ్బకు మారగానే, ముందు ఆమె కాలి మడమలు లేచేవి, తర్వాత జుట్టు ముడి ఊడేది, చేతిలో వేపమండలు. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా పూనేది. పెద్దమనిషి ఒకాయన పసుపునీళ్ళు పట్టుకుని నిలబడి "ఎవరు తల్లీ, ఏం కావాలె" అని అడిగేటోడు. ఆమె మామూలు రోజుల్లో మొగుడి ముందు తల ఎత్తి మాట్లాడని మనిషి, అప్పుడు మాత్రం ఊరందరినీ నిలదీసేది, నా గుడికి సున్నం ఎందుకు వెయ్యలేదు, కోడళ్ళను ఎందుకు ఏడిపిస్తున్నరు అని. అందరూ చేతులు కట్టుకుని వినేవాళ్ళు. మొహం మీద నీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టి, డప్పు ఆపేస్తే దిగిపోయేది. రాత్రి పడుకుని పొద్దున్నే లేచి చాట ముందల పెట్టుకుని బీడీలు చుట్టేది, నిన్నటి సంగతి అడిగితే నాకు తెల్వదు బిడ్డా అనేది. ఆమె ఏనాడూ అబద్ధం చెప్పలేదు, నాకు ఆ నమ్మకం ఉంది.

మనకు పూనకం రావడానికి ఒక రోజుంది, ఒక చోటుంది, దింపే మనిషున్నాడు. స్ట్రాస్‌బర్గోళ్ళు దింపేటోణ్ణి పిలవకుండ డప్పు కొట్టేటోళ్ళను పిలిచారు. నాకు అర్థమైంది అదే.


సుధ_వైజాగ్ | సోమవారం, రాత్రి 10:58

తునికాకు గారూ, మీ చిన్నమ్మమ్మ గురించి రాసింది మా స్టూడెంట్లకి చదివి వినిపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. "ఎవరు తల్లీ, ఏం కావాలె" అని అడిగే మనిషి ఉండటం చాలా పెద్ద విషయం. మా దగ్గరికి వచ్చే పిల్లల్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు చాలాసార్లు ఎవరూ ఉండరు.


సియాటిల్_చినుకు | మంగళవారం, ఉదయం 8:05

మా ఊరి కథ కూడా ఒకటుంది, ఇందులో జబ్బు లేదు, కానీ చూపు ఎలా అంటుకుంటుందో తెలుస్తుంది. 1954లో ముందు ఇక్కడికి ఉత్తరాన బెల్లింగ్‌హామ్ అనే ఊళ్ళో కార్ల ముందు అద్దాల మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయన్నారు. పోలీసులు ఆకతాయిలు ఛర్రా తుపాకులతో కొడుతున్నారనుకున్నారు. పేపర్లలో వచ్చిన కొద్దీ అది ఊరూరా దక్షిణానికి దిగుతూ ఏప్రిల్ 14కి సియాటిల్‌లో అడుగుపెట్టింది. రెండు రోజుల్లో 3,000 అద్దాల దాకా ఫిర్యాదులు. అదే మార్చిలో పసిఫిక్‌లో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది కాబట్టి ఆ బూడిదే రాలుతోందని కొందరు, ఇసుక పురుగులు గుడ్లు పెడుతున్నాయని కొందరు. మేయర్ ఏకంగా ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌ని సాయం అడిగాడు.

చివరికి తేలిందేంటంటే, పాత కార్ల అద్దాల మీద ఆ గుంటలు ఎప్పటినుంచో ఉన్నాయి, రోడ్డు మీద రాళ్ళు తగిలి పడినవి. కొత్త కార్లకి లేవు. అప్పటిదాకా జనం అద్దంలోంచి రోడ్డుని చూశారు, ఆ వారం అద్దాన్ని చూశారు. పోలీసు లాబొరేటరీ ఆ మాట చెప్పాక ఫిర్యాదులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను ఇది చదివిన రోజు కిందకి దిగి నా కారు అద్దం దగ్గరగా చూశాను, పదకొండు గుంటలు లెక్కపెట్టాను, ఐదేళ్ళుగా నడుపుతున్న కారు.


పాతపేపర్ల_పెట్టె | మంగళవారం, ఉదయం 11:40

విజయవాడలో ముప్పై ఏళ్ళు పేపర్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సియాటిల్ అమ్మాయి చెప్పినదాంట్లో మా పేపర్లవాళ్ళ పాత్ర ఉంది, దాన్ని దాచడం సరికాదు.

1995 సెప్టెంబర్ 21. తెల్లవారుజామున ఢిల్లీలో వినాయకుడు పాలు తాగాడన్న వార్త మధ్యాహ్నానికి మా దగ్గరికి ఫోన్లలోనే వచ్చేసింది. సాయంత్రానికి గుడి ముందు క్యూ మెయిన్ రోడ్డు దాకా. నేను కూడా స్పూను పట్టుకుని నిలబడ్డాను, తొండం దగ్గర వంచగానే పాలు నిజంగానే లోపలికి లాక్కున్నట్టు పోయాయి, నా ఒళ్ళు జలదరించింది. వంగి చూస్తే విగ్రహం ఛాతీ మీదుగా సన్నటి తడి గీత, కింద పళ్ళెంలో పాలు. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పోసి అదే చూపించారు, తలతన్యత వల్ల పాలు అంచు దాటి రాతికి అంటుకుని పల్చటి పొరలా జారిపోతాయని. మర్నాడు మేం మొదటి పేజీలో ఆ క్యూ ఫోటో పెద్దది వేశాం, ఆ వివరణ లోపలి పేజీలో చిన్నది వేశాం. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటుంది.

"ఓ స్త్రీ రేపు రా" అని తలుపుల మీద రాసుకున్న రోజులు ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాత్రిపూట ఏదో ఆడ గొంతు పేరు పెట్టి పిలుస్తుంది, పలికితే చచ్చిపోతారని భయం. రిపోర్టింగ్‌కి ఒక ఊరు వెళ్తే ఒక్క ఇల్లు వదలకుండా బొగ్గుతోనో సున్నంతోనో రాసి ఉంది, చదువురాని ముసలామె ఒకావిడ పక్కింటి పిల్లాణ్ణి పిలిచి రాయించుకుంటూ ఉంది, వాడు "రేపు" రాసి ఆగితే మిగతాది కూడా తొందరగా రాయి నాయనా అని బతిమాలింది. పిలుపు విన్నామన్నవాళ్ళు ఎవరని అడిగితే ప్రతిఒక్కరూ పక్క ఊరి పేరే చెప్పారు.


నడిగడ్డ_రైతు | మంగళవారం, రాత్రి 9:15

పేపర్ పెద్దాయనకు దండం. 2018 ఎండాకాలం వాట్సాప్‌లో పిల్లలను ఎత్తుకపోయే ముఠా వచ్చిందని, గుండెలు కోసి అమ్ముకుంటున్నరని వీడియోలు తిరిగినయి. మా ఊళ్ళె ఆరుబయట మంచాలు వేసుకుని పండుకునేది బంద్ అయింది, మగోళ్ళం కట్టెలు పట్టుకుని తెల్లార్లూ తిరిగినం. నేను కూడా తిరిగిన. వేరే జిల్లాలల్ల అమాయకులను కొట్టి చంపిండ్రు. మా గద్వాల జిల్లాల అట్ల జరగలే. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి మేడం ముందునుంచే ఊరికొక కానిస్టేబుల్‌ను పెట్టింది, వాళ్ళు ఇంటింటికి వచ్చి వీడియో చూపించుమని అడిగి ఇది ఎక్కడిదో, ఎట్ల అబద్ధమో కూర్చుని చెప్పిండ్రు. డప్పు కళాకారులను తెచ్చి పాట కట్టి పాడించిండ్రు. తునికాకు అక్క అన్నట్టు డప్పు ఒక్కటే, ఎందుకు కొడుతున్నమన్నదే తేడా.


యువకిరణం | మంగళవారం, రాత్రి 10:02

మేడం, ఆదివారం నేను రాసింది తొందరపాటు. హాలిఫాక్స్ గురించి మళ్ళీ ఆలోచించాను. ఆ గాయాలు చేసుకున్నవాళ్ళకి కూడా ఏదో ఒక బాధ ఉండే ఉంటుంది, ఊరికే ఎవరూ బ్లేడు పెట్టుకోరు. ఇంకో సంగతి, మా హాస్టల్లో వేషాలు వేశామన్నాను కదా, ఒక్కడు మాత్రం నిజంగానే రోజూ రాత్రి ఊపిరాడట్లేదని లేచి కూర్చునేవాడు. మేం వాణ్ణి ఎగతాళి చేశాం. ఇప్పుడు వాడి నంబర్ కోసం వెతుకుతున్నాను.


పలక_బలపం | గురువారం, రాత్రి 9:50

ఆలస్యానికి క్షమించండి. నీళ్ళ రిపోర్టు వచ్చింది, ఏ దోషమూ లేదు. సుధ గారు ఫోన్లో చెప్పినట్టే చేశాం. పిల్లల్ని గుంపుగా ఇళ్ళకి పంపలేదు, కషాషా కథ మా ప్రిన్సిపాల్ గారికి మొత్తం చదివి వినిపిస్తే ఆవిడే వద్దన్నారు. తల్లిదండ్రులని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, రిపోర్టు చేతికిచ్చి, పిల్లలతో భోజనం చేయించి పంపించాం. టీవీవాళ్ళు వస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపాం. వేపచెట్టు కొట్టించమని కొందరు పట్టుబట్టారు, కొట్టించలేదు, ఆ చెట్టు కిందే పొద్దుటి క్లాసు పెట్టుకున్నాం.

నిన్న సాయంత్రం ఒక పిల్ల మళ్ళీ గబగబా ఊపిరి తీయడం మొదలుపెట్టింది. ఎవరం చుట్టూ మూగలేదు. వార్డెన్ చెయ్యి పట్టుకుని వంటగది అరుగు మీదకి తీసుకెళ్ళి, మెల్లగా ఊదమ్మా అంటూ, ఒడిలో గోరుచిక్కుళ్ళు పోసి ఈనెలు తీయమంది. మొదటి నాలుగు కాయలు పిల్ల వేళ్ళు వంగక జారిపోయాయి. కాసేపటికి గిన్నె సగం నిండింది. మిగతావాళ్ళు చదువుకుంటూనే ఉన్నారు.

గురువారం మొదట పడిపోయిన అమ్మాయితో ఇవాళ ఒంటరిగా కూర్చున్నాను. తునికాకు గారి చిన్నమ్మమ్మని అడిగినట్టే అడిగాను, ఏం కావాలమ్మా అని. చాలాసేపు ఏమీ అనలేదు. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళి ఏడు నెలలైంది, మా బడిలో ఫోన్ నెలకి ఒక్క ఆదివారమే, పోయిన రెండుసార్లూ లైన్ కలవలేదు. నా ఫోన్ నుంచే కలిపాను, కలిసింది.

రైన్ గారూ, రేపు ఎనిమిదో తరగతికి యూరప్ మ్యాపు గీయిస్తున్నాను, పిల్లలకి స్ట్రాస్‌బర్గ్ సంగతి చెప్తానన్నాను. ఆ గుహ గుడి ఉన్న సావెర్న్ సరిగ్గా ఎక్కడ పెట్టాలి?


రైన్_ఒడ్డున | గురువారం, రాత్రి 10:14

స్ట్రాస్‌బర్గ్‌కి వాయవ్యంగా, సుమారు 40 కిలోమీటర్లు. వోజ్ కొండలు మొదలయ్యే అంచున చుక్క పెట్టించండి టీచర్ గారూ. శనివారం నేను అటు వెళ్తున్నాను, గుహ ఫోటోలు తీసి పిల్లలకి పంపిస్తాను.